సన్న పుస్తకానికి నాలుగు చుక్కలు, లావు పుస్తకానికి రెండు: కోఠిలో కొన్న బేర్ యాక్టులు

చదివే ఓపిక లేనివాళ్ల కోసం ముందే చెప్పేస్తున్నా. ఎల్‌ఎల్‌బీ మొదటి ఏడాదిలో ఉన్నవాళ్లు కాంట్రాక్ట్ చట్టానికి విడిగా దొరికే సన్న బేర్ యాక్ట్, అంటే చట్టాన్ని ఉన్నదున్నట్టు అచ్చువేసే పుస్తకం, కొనుక్కోండి. మూడు కొత్త క్రిమినల్ చట్టాలూ ఒకేదాంట్లో ఇరికించిన లావు పుస్తకం కొనకండి, కనీసం నేను కొన్న ఎడిషన్ మాత్రం కొనకండి. ప్రశ్న-జవాబుల గైడ్ గురించి కూడా రెండు ముక్కలు రాస్తా, అంతకుమించి దానికి దండగ.

పబ్లిషర్ల పేర్లు కావాలనే రాయట్లేదు. ఒకే పబ్లిషర్ ఒక చట్టాన్ని ముచ్చటగా వేస్తాడు, ఇంకోదాన్ని తప్పులతడకగా వదిలేస్తాడు. పేరు చూసి కొంటే లాభం లేదు, లోపల ఏం చూడాలో తెలిస్తే ఏ పేరున్నా ఫరవాలేదు. కొట్టు పేరు కూడా అందుకే రాయట్లేదు.

నేనెవరినంటే, ఇరవై తొమ్మిదేళ్లొచ్చాక మళ్లీ బెంచీ మీద కూర్చున్నదాన్ని. బీఫార్మసీ చేశాను, తర్వాత హైదరాబాద్‌లో మెడికల్ కోడింగ్. అమెరికా ఆస్పత్రుల రోగుల రికార్డులు చదివి, జబ్బుకో కోడు, చికిత్సకో కోడు వేసే పని. చివరి రెండేళ్లు ఇన్సూరెన్స్ వాళ్లు తిరగ్గొట్టిన క్లెయిముల మీద అప్పీళ్లు రాసే టీంలో వేశారు. 'మీ పాలసీలో ఫలానా పేరాలో ఇట్లా ఉంది, మా డాక్టరు నోట్సులో ఇట్లా ఉంది, కాబట్టి డబ్బులు కట్టండి' అని రాయడం. జీతం కంటే ఆ ఉత్తరాలు రాయడమే ఎక్కువ నచ్చుతోందని అర్థమయ్యాక లాసెట్‌కి, అంటే లా కోర్సు ప్రవేశ పరీక్షకి, కట్టాను. తొంభై నిమిషాల్లో 120 ప్రశ్నలు, అందులో సగం లా ఆప్టిట్యూడ్. టైం చూసుకుంటూ రికార్డులకి కోడ్లు కొట్టిన చేతికి ఆ పరీక్ష పెద్ద కష్టమనిపించలేదు. ఇంట్లో ఒప్పించడమే కష్టమైంది.

"ముప్పై దాటితే సీటియ్యరంట గదా బిడ్డా, ఎందుకు పైసలు ఖరాబు" అన్నది మా అమ్మ. ఎవరో చెప్పారట. వట్టి పుకారు కూడా కాదు. బార్ కౌన్సిల్ 2008 నిబంధనల్లో మూడేళ్ల కోర్సుకి జనరల్ వాళ్లకి ముప్పై ఏళ్ల పరిమితి నిజంగానే ఉండేది. దాన్ని ఒకసారి తీసేసి, మళ్లీ పెట్టి, చివరికి 2017 మార్చిలో సుప్రీంకోర్టు స్టే ఇచ్చింది. మా క్లాసులో రిటైరైన బ్యాంకు మేనేజరు ఉన్నారు, అందరం ఆయన్ని సార్ అంటాం, లెక్చరర్ కూడా. ఆయన పక్కన నేను చిన్నపిల్లని.

కోడింగ్ గోల ఎందుకు చెప్తున్నానంటే, ఈ రివ్యూ ఆ కళ్లతో రాస్తున్నదే. మాకు పుస్తకమే కూడు. జబ్బులకి వేసే ఐసీడీ కోడ్లు ప్రతి అక్టోబర్ 1న మారతాయి, చికిత్సలకి వేసే సీపీటీ కోడ్లు జనవరి 1న. పోయినేడు పుస్తకం చూసి కోడు వేస్తే క్లెయిము తిరిగొస్తుంది, ఆడిట్‌లో మన పేరు ఎక్కుతుంది. అందుకని ఏ పుస్తకం చేతికొచ్చినా అట్ట కంటే ముందు ఎడిషన్ చూస్తాను. తర్వాత ఫుట్‌నోట్లు, తర్వాత మార్జిన్, ఆ తర్వాత బైండింగ్. లోపలున్న విషయం ఎట్లాగూ పార్లమెంటు రాసిందే, అందరి దగ్గరా ఒకటే. డబ్బులిచ్చి కొనేది మిగతా నాలుగూ.

కొట్టు విషయానికొస్తే, ఉస్మానియా మెడికల్ కాలేజ్ మెట్రో స్టేషన్‌లో దిగి సుల్తాన్ బజార్ వైపు నడిచే దారిలో ఒక చిన్న షట్టరు. లోపల ఇద్దరు నిలబడితే మూడోవాళ్లు బయటే. కౌంటర్ దగ్గరున్నాయన నన్ను చూడగానే "తమ్మునికా మేడం, చెల్లెకా?" అన్నాడు. "నాకే అన్నా" అన్నాను. ఏమాత్రం తడబడకుండా "ఫస్టియరా? మరి ఐదు సబ్జెక్టులు" అంటూ ఐదు గైడ్లు తీసి కౌంటర్ మీద పేర్చాడు. అడగకుండానే గైడ్లు. బేర్ యాక్ట్ అడిగితే "అవి సీనియర్ లాయర్లు కొంటరు మేడం, పరీక్షకు గివే అక్కరకొస్తయి" అన్నాడు. వ్యాపారం ఆయనది, తప్పుపట్టను. కానీ పట్టుబట్టి అడిగాక వెనక రాక్‌లోంచి ఒకే చట్టానివి మూడు పబ్లిషర్లవి తీసి ముందు పెట్టి, విసుక్కోకుండా తిరగెయ్యనిచ్చాడు. ఈ ఒక్క పనికి కొట్టుకి మంచి మార్కులు. ఆన్‌లైన్‌లో కొంటే ఈ తిరగేసే వీలుండదు. అట్ట మీద 'లేటెస్ట్ ఎడిషన్' అని అందరూ వేస్తారు.

కొట్లో నిలబడే చెయ్యగలిగిన పరీక్ష ఒకటుంది. కాంట్రాక్ట్ చట్టం తీసి సెక్షన్ 1 చదవండి. చట్టం దేశమంతటికీ వర్తిస్తుందని చెప్పి, పక్కన జమ్మూ కశ్మీర్ రాష్ట్రం మినహా అని ఇంకా ఉందంటే అది 2019 అక్టోబర్ 31కి ముందటి సరుకు. దాంతోపాటు కొనే స్పెసిఫిక్ రిలీఫ్ చట్టంలో (ఒప్పందాన్ని కోర్టు ద్వారా అమలు చేయించుకునే చట్టం) అయితే సెక్షన్ 20కి పొండి. అక్కడ కోర్టు విచక్షణ గురించి ఉంటే పాతది. ఒప్పుకున్నవాడు పని చెయ్యకపోతే ఇంకొకరితో చేయించుకుని ఖర్చు రాబట్టుకోవడం గురించి ఉంటే 2018 సవరణ పడినట్టు. వినియోగదారుల చట్టం అట్ట మీద 1986 అని ఉంటే దాన్ని పల్లీల బండివాడికి ఇచ్చెయ్యొచ్చు, 2019 చట్టం వచ్చి 2020 జులై నుంచి అమల్లో ఉంది. నాకు చూపించిన మూడింట్లో ఒకటి మొదటి పరీక్షలోనే పోయింది, అట్ట మాత్రం తళతళలాడుతోంది. చూపిస్తే ఆయన అట్టనీ నన్నూ మార్చి మార్చి చూసి, "మీరు టీచరా మేడం?" అన్నాడు.

ఫుట్‌పాత్ మీది పాత పుస్తకాల జోలికి పోవద్దని అనట్లేదు. పాత ఐపీసీ (ఇండియన్ పీనల్ కోడ్, నేరాల చట్టం) పుస్తకాలు ఇప్పుడు తూకానికి దొరుకుతున్నాయి. 2024 జులై 1కి ముందు జరిగిన నేరాలకి ఇంకా ఐపీసీయే నడుస్తుంది కాబట్టి అవి చిత్తుకాగితాలేం కాదు, ఏ సీనియర్ దగ్గర జూనియర్‌గా చేరినా పాత ఫైళ్లే ముందు మన మొహాన పడతాయి. చవగ్గా వస్తే ఒకటి దగ్గరుంచుకోండి. హిందూ లా మాత్రం పాతది కొనకండి. వారసత్వ చట్టంలో ఉమ్మడి ఆస్తి వాటాల సంగతి చెప్పే సెక్షన్ 6 అంతా 2005 సెప్టెంబర్ 9 నుంచి మారిపోయింది. మన రాష్ట్రాల వాళ్లకి ఇంకో మెలిక కూడా ఉంది. అంతకుముందే 1986లో ఆంధ్రప్రదేశ్ సవరణ ఒకటి వచ్చింది, 1985 సెప్టెంబర్ 5 నుంచి అమలు. అప్పటికి పెళ్లికాని కూతుళ్లకి ఉమ్మడి ఆస్తిలో కొడుకులతో సమానంగా హక్కు, పెళ్లయిపోయినవాళ్లకి లేదు. నా పుస్తకంలో అది చీమ తలకాయంత అక్షరాల్లో రాష్ట్ర సవరణల కింద ఉంది. మా పెద్దమ్మ పెళ్లి 1984లో, మా అమ్మది 1991లో. ఒకే తల్లి పిల్లలు, ఆ చీమ అక్షరాలకి చెరో వైపు పడ్డారు. 2005 సవరణ వచ్చేదాకా ఆ గీత అట్లాగే ఉంది. మీరు కొనే పుస్తకంలో రాష్ట్ర సవరణలు ఉన్నాయో లేదో చూసుకోమని చెప్పడానికి ఇంతకంటే మంచి కారణం నా దగ్గర లేదు.

సరే, సన్న పుస్తకం. కాంట్రాక్ట్ చట్టం, అచ్చు ధర 130, నాకు 110కి ఇచ్చాడు. వంద పేజీల లోపే. చట్టంలో మొదట 266 సెక్షన్లు ఉండేవి, ఇప్పుడు 238తో అయిపోతుంది. మధ్యలో 76 నుంచి 123 దాకా ఖాళీ, ఎందుకంటే వస్తువుల అమ్మకం 1930లో వేరే చట్టమై వెళ్లిపోయింది. భాగస్వామ్యం 1932లో వెళ్లిపోయింది. పుస్తకంలో 75 తర్వాత 124 కనిపించేసరికి మా క్లాసులో ఒకమ్మాయి పేజీలు ఊడిపోయాయనుకుని మార్చుకోవడానికి కొట్టుకి వెళ్లొచ్చింది. ఈ సంగతి ఒక్క లైనులో అచ్చువేస్తే వాళ్ల సొమ్మేం పోదు. నా దాంట్లో వేశారు.

కాగితం తెల్లగా, కాస్త మందంగా ఉంది. హైలైటర్ గీస్తే వెనక్కి దిగలేదు. జెల్ పెన్ను కొంచెం మచ్చ పడుతుంది, బాల్ పెన్నుకి ఏ ఇబ్బందీ లేదు. మార్జిన్ బొటనవేలు ఆనేంత ఉంది. కోడింగ్ పుస్తకంలో నేను మార్జిన్‌లో రాసుకునేది ఎక్కువగా ఒకటే, 'ఈ కోడు వేస్తే ఆ కోడు వెయ్యకూడదు' అని. ఇక్కడా అదే అలవాటు పనికొచ్చింది. సెక్షన్ 10 పక్కన '11, 14, 23 కూడా చూడు', సెక్షన్ 25 పక్కన 'ఇది మినహాయింపు, మళ్లీ దీనికి షరతు ఉంది' అని. చట్టంలో 'ప్రొవైడెడ్ దట్' (అయితే ఈ షరతు మీద) అని ఎక్కడ మొదలైనా ఎర్రపెన్ను తీస్తాను. గొడవంతా ఆ తర్వాతే ఉంటుంది.

ఈ పుస్తకంలో అసలు చదవాల్సినవి ఇలస్ట్రేషన్లు, అంటే సెక్షన్ల కింద చట్టమే ఇచ్చే ఉదాహరణలు. గైడ్లు వీటిని లేపేస్తాయి, లేదా రెండు వేసి ఊరుకుంటాయి. 1872 నాటి చట్టం, మనుషుల పేర్లు ఏ, బి, సి. కానీ ఆ ఏ గాడూ బి గాడూ చేసే పనులు చూడండి. మంత్రం వేసి నిధి కనిపెడతానని ఒకడు ఒప్పందం రాసుకుంటాడు. సర్కారు నౌకరీ ఇప్పిస్తానని ఒకడు వెయ్యి రూపాయలకి బేరం పెడతాడు, సెక్షన్ 23లోనే ఉంది, చెల్లదు. రేటు మాత్రం లక్షల్లోకి వచ్చింది తప్ప మా జిల్లాలో ఆ బేరం ఇప్పటికీ ఆగలేదు. ఊళ్లో వడ్డీవ్యాపారి దగ్గర ముందే అప్పులో ఉన్నవాడు అన్యాయమైన షరతులకి కొత్త అప్పు తీసుకుంటే, తన పైచేయి వాడుకుని అనుచితంగా ఒప్పించలేదని రుజువు చేసుకోవాల్సింది వ్యాపారే. గుర్రానికి రోగముందని తెలిసీ వేలంలో అమ్మేవాడు నోరు మూసుకుంటే అది మోసం కాదట, కానీ అదే గుర్రాన్ని అప్పుడే మేజరైన సొంత కూతురికి అమ్మితే చెప్పి తీరాలి. థియేటర్‌లో రాత్రికి వంద రూపాయలకి పాడే ఒక గాయని ఆరో రాత్రి ఎగ్గొడుతుంది. ఏడో రాత్రి మేనేజరు ఆమెని మళ్లీ పాడనిస్తే, ఇక ఒప్పందం రద్దు అనే మాట ఆయన ఎత్తకూడదు, ఆరో రాత్రి నష్టం మాత్రం అడుక్కోవచ్చు. ఇవి చదివాక సెక్షన్ 39 నాకు మళ్లీ బట్టీ పట్టాల్సిన అవసరం రాలేదు.

ప్రతి సెక్షన్ కిందా రెండు మూడు లైన్ల నోట్సు, కేసుల పేర్లు ఉంటాయి. బేర్ అంటూనే ఈ నోట్సు ఎందుకని నాకు అనుమానం వచ్చింది. కాపీరైట్ చట్టం సెక్షన్ 52లో ఒక నిబంధన కనిపించింది. చట్టాల పాఠాన్ని ఎవరైనా అచ్చువేసుకోవచ్చు గానీ, దాంతోపాటు వ్యాఖ్యానమో, సొంతంగా రాసిందేదో ఉండాలట. కారణం అదే కావొచ్చు, కాకపోవచ్చు. ఏదైనా ఆ రెండు మూడు లైన్లే నాకు బాగా పనికొచ్చాయి.

ఎట్లాగంటే, సెక్షన్ 15 కింద కోయర్షన్ (బెదిరించి ఒప్పించడం) నోట్సులో రెండు మద్రాసు కేసులున్నాయి. ఒకటి రంగనాయకమ్మ కేసు, 1889. పదమూడేళ్ల పిల్ల, మొగుడు చచ్చిపోయాడు. ఫలానా పిల్లాణ్ణి దత్తత తీసుకుంటానని ఒప్పుకునేదాకా శవాన్ని గడప దాటనివ్వలేదు చుట్టాలు. ఆ దత్తతకి ఆమె కట్టుబడక్కర్లేదన్నారు. రెండోది చిక్కం అమ్మిరాజు, చిక్కం శేషమ్మల కేసు, 1917. మొగుడు చస్తానని బెదిరించి పెళ్లాం చేతా కొడుకు చేతా తన అన్నదమ్ముడి పేర ఆస్తి హక్కు వదులుకుంటున్నట్టు సంతకాలు పెట్టించాడు. చస్తాననడం కోయర్షనే, ఆ పత్రం చెల్లదు అని ఇద్దరు జడ్జీలు, కాదని ఓల్డ్‌ఫీల్డ్ అనే మూడో జడ్జి.

దీన్ని ఆ రాత్రి అమ్మకి చదివి వినిపించాను. చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ విన్నది. "చస్తనని బెదిరిస్తే కేసైతదా?" అన్నది. "కేసు కాదమ్మా, సంతకం చెల్లదు" అన్నాను. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, "మీ మేనత్త గట్లనే పెట్టింది సంతకం" అన్నది. ఆ కథ ఇక్కడ రాయను, మా మేనత్తది. ఆ రోజు నుంచి నా ఫీజు గురించి అమ్మ ఒక్క మాట కూడా అనలేదు.

పుస్తకం మీద నా ఫిర్యాదు కూడా ఈ పేజీలోనే ఉంది. సెక్షన్ 15లో 'ఇండియన్ పీనల్ కోడ్ నిషేధించిన పని' అని ఉంటుంది. 2024 జులై 1 నుంచి పీనల్ కోడ్ లేదు, భారతీయ న్యాయ సంహిత వచ్చింది. జనరల్ క్లాజెస్ చట్టం సెక్షన్ 8 ప్రకారం పాత పేరున్న చోట కొత్త చట్టాన్ని చదువుకోవాలి. ఈ ఒక్క ఫుట్‌నోటు వెయ్యలేదు. వేసుంటే విద్యార్థికి అసలు ప్రశ్న కళ్లముందు కనిపించేది. ఆత్మహత్యాయత్నాన్ని నేరమన్న పాత 309 కొత్త సంహితలో లేదు. ప్రభుత్వోద్యోగి విధులకి అడ్డం పడాలని చేస్తేనే నేరం, అది 226. మరి మొగుడు చస్తానని బెదిరించి రాయించుకున్న పత్రం ఇప్పుడు చెల్లుతుందా? ఆత్మహత్యకి పురిగొల్పడం 108 కింద ఇంకా నేరమే. 1917లో ఆ ఇద్దరు జడ్జీలు కూడా, చచ్చిపోయినవాణ్ణి శిక్షించలేకపోయినా దాన్ని చట్టం నిషేధించినట్టేనని అన్నారు. ఆ దారిలో వెళ్తే చెల్లదనే అనొచ్చు, ఓల్డ్‌ఫీల్డ్ దారిలో వెళ్తే ఇంకోటి. మా లెక్చరర్‌ని అడిగితే నవ్వి, "పరీక్షలో పాత తీర్పే రాయమ్మా, ఇది మూట్ కోర్టుకి దాచుకో" అన్నారు. మూట్ కోర్టంటే విద్యార్థులు లాయర్లలా వాదించే ఉత్తుత్తి కోర్టు. దాచుకున్నాను. నాలుగు చుక్కలే ఇచ్చి ఐదోది ఆపింది ఈ ఫుట్‌నోటు కోసమే.

బైండింగ్ పిన్నులతో కుట్టింది. పూర్తిగా తెరిచి బల్ల మీద పెడితే మూసుకోదు, కుక్కర్ విజిల్స్ లెక్కపెట్టుకుంటూ చదివేదానికి ఇది చిన్న విషయం కాదు.

గైడ్. అదే కొట్లో, ఆయన మాట కాదనలేక ఒక్కటి తీసుకున్నాను. యూనిట్ల వారీగా జవాబులు, వ్యాసానికి ఇన్ని పేజీలు, షార్ట్‌నోటుకి ఇన్ని. చేతిరాత అలవాటు తప్పినవాళ్లకి జవాబు కొలత తెలియడానికి పనికొస్తుంది. చట్టం తెలియడానికి పనికిరాదు. సెక్షన్ 27 కింద, ఉద్యోగ బాండ్లన్నీ వ్యాపార స్వేచ్ఛకి అడ్డం కాబట్టి చెల్లవని ఒక్క ముక్కలో కొట్టిపారేశాడు. బాండు మీద సంతకం పెట్టి కోడింగ్‌లో చేరినదాన్ని కదా, ఆ లైను నాకు తియ్యగానే ఉంది. కానీ 2025 మేలో సుప్రీంకోర్టు విజయా బ్యాంకు కేసులో, మూడేళ్లలోపు మానేస్తే రెండు లక్షలు కట్టాలన్న షరతు చెల్లుతుందనే చెప్పింది. ఉద్యోగంలో ఉండగా కట్టుబడి ఉండమనడం వేరు, మానేశాక ఇంకోచోట పని చెయ్యొద్దనడం వేరు. గైడు దాన్నీ దీన్నీ కలిపేసింది. ఈ జవాబు నమ్మి కంపెనీ హెచ్ఆర్‌తో కొట్లాటకి దిగేవాళ్లని తలుచుకుంటే భయమేస్తుంది.

ఇక లావుది. నేరాలకి న్యాయ సంహిత 358 సెక్షన్లు, కేసు నడిపే పద్ధతికి నాగరిక్ సురక్షా సంహిత 531, సాక్ష్యాలకి సాక్ష్య అధినియమం 170, మూడూ ఒకే అట్టలో. అచ్చు ధర 595, నాకు 450. రెండో సెమిస్టర్‌కి క్రైమ్స్, ఎవిడెన్స్ ఎట్లాగూ కావాలి, ఒకేసారి పనైపోతుందని తీసుకున్నాను. బస్సులో నిలబడి చదవడానికి ఒంటిచేత్తో పట్టుకోలేం. కాగితం ఎంత పల్చనంటే ఇవతలి పేజీలో హత్య చదువుతుంటే అవతలి పేజీలో దొంగతనం కనబడుతుంది. గమ్ బైండింగ్, మధ్యకి విరిచి తెరిస్తే పటపటమంటుంది, చలికాలం వచ్చేసరికి సాక్ష్య అధినియమం విడిపోయి సొంతంగా బతకడం మొదలుపెట్టింది.

ఇవన్నీ ఓర్చుకునేదాన్ని. ఓర్చుకోలేనిది పట్టికలు. ఇట్లాంటి పుస్తకం ఇప్పుడు కొనేదే వెనకున్న పోలిక పట్టిక కోసం. సీనియర్ లాయర్లు, పోలీసులు, పేపర్లవాళ్లు అందరి నోళ్లలోనూ ఇంకా పాత నంబర్లే. 302 అంటారు, అది 103 దగ్గర వెతకాలి. 420 అంటారు, అది 318లో నాలుగో ఉపసెక్షన్. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో ముందస్తు బెయిల్ 438 కాస్తా సురక్షా సంహితలో 482 అయింది. పాత 482 ఏమో 528కి వెళ్లింది. అంటే 482 అని ఎవరన్నా ఏ 482 అని అడగాల్సిన గతి. ఇట్లాంటిచోట పట్టిక ఒక్క గడి తప్పినా మొత్తం తప్పే. నా పుస్తకంలో 498ఏ ఎదురుగా 85 అని వేసి ఊరుకున్నారు. 85లో శిక్ష ఒక్కటే ఉంది, క్రూరత్వం అంటే ఏమిటో చెప్పేది 86. పాత సెక్షన్‌లో ఒకేచోట ఉన్నదాన్ని కొత్తలో రెండుగా విడగొట్టారు, పట్టిక సగమే చూపించింది. ఆడవాళ్ల కేసుల్లో రోజూ తెరిచే సెక్షన్ అది.

రెండోది, సురక్షా సంహిత మొదటి షెడ్యూలు. ఏ నేరానికి ఎంత శిక్ష, పోలీసులు వారంటు లేకుండా పట్టుకోవచ్చా, బెయిలు వస్తుందా, ఏ కోర్టు విచారిస్తుంది, అంతా గడులు గడులుగా ఉంటుంది. నాలాంటిదానికి పండగ. ఈ ఎడిషన్‌లో పేజీ తిప్పితే పైన గడుల శీర్షికలు లేవు. నాలుగో గడి ఏమిటో, ఐదో గడి ఏమిటో గుర్తు పెట్టుకోవాలి, లేదా వెనక్కి తిప్పాలి. నేను చేసిన ఉద్యోగంలో ఇట్లాంటి షీటు పైకి పంపితే టీం లీడ్ లేచి వచ్చి నా బల్ల దగ్గర నిలబడేది.

మూడోది న్యాయ సంహిత 106(2). ప్రమాదం చేసి, చెప్పకుండా పారిపోయిన డ్రైవర్లకి పదేళ్ల దాకా శిక్ష అన్నది, లారీలవాళ్లు సమ్మె చేశారు, పెట్రోలు బంకుల దగ్గర క్యూలు గుర్తుండే ఉంటాయి. 2024 జులై 1 నుంచి మొత్తం సంహితని అమల్లోకి తెస్తూ ఆ ఒక్క ఉపసెక్షన్‌ని పక్కన పెట్టారు. మంచి ఎడిషన్‌లో దాని కింద ఆ సంగతి చెప్తూ ఫుట్‌నోటు ఉంటుంది. కొట్లో క్రిమినల్ పుస్తకానికి మీరు చెయ్యాల్సిన మొదటి పరీక్ష ఇదే, 106 తియ్యండి, కింద నోటు లేకపోతే పెట్టెయ్యండి. ఈ పరీక్ష నాకు కొన్నాక మా సీనియర్ అక్క చెప్పింది. వెనక్కిద్దామని వెళ్తే, పేరు రాసిన పుస్తకం వెనక్కి తీసుకోం అన్నాడు. మొదటి పేజీలో పేరు రాయడం నా చిన్నప్పటి అలవాటు. బదులుగా టీ చెప్పించాడు. టీ బాగుంది.

ఇవన్నీ ఫోన్‌లో ఉచితంగా దొరుకుతాయి కదా అంటారా? దొరుకుతాయి. ప్రభుత్వం వాళ్ల ఇండియా కోడ్ వెబ్‌సైట్‌లో కేంద్ర చట్టాలన్నీ సవరణలతో సహా ఉన్నాయి. సుప్రీంకోర్టు ఈ-ఎస్‌సీఆర్‌లో తీర్పులు కూడా పైసా తీసుకోకుండా చదువుకోవచ్చు. అనుమానం వచ్చినప్పుడు నేను పుస్తకాన్ని కాదు, ఇండియా కోడ్‌నే నమ్ముతాను. పై తప్పులన్నీ దాంతో పోల్చే పట్టుకున్నాను. కానీ ఫోన్‌లో చదువుతుంటే మధ్యలో పాత టీం వాట్సాప్ గ్రూపులో ఎవరిదో పెళ్లి ఫొటోలు, ఇంకెవరికో ప్రమోషన్. చట్టం అక్కడే ఉంటుంది, మనం ఉండం. పెన్ను పట్టి గీసుకుంటే తప్ప నాకు ఏదీ తలకెక్కదు. మీకు ఎక్కితే 110 రూపాయలు మిగుల్చుకోండి.

సన్నదానికి నాలుగు, లావుదానికి రెండు, అందులో ఒకటి సాక్ష్య అధినియమం ఇలస్ట్రేషన్లు బాగా అచ్చువేసినందుకు. గైడ్‌కి ఒకటి. కొట్టుకి మూడున్నర, కూర్చోవడానికి ఒక స్టూలు వేస్తే నాలుగు.

వచ్చే ఏడాదికి సివిల్ ప్రొసీజర్ కోడ్ కొనాలి. 158 సెక్షన్లు, వాటి వెనక 51 ఆర్డర్లు. ఆ ఆర్డర్లలోని రూల్స్‌ని ఏ హైకోర్టుకి ఆ హైకోర్టు తన రాష్ట్రానికి మార్చుకోవచ్చు కాబట్టి, ఢిల్లీలో అచ్చయిన పుస్తకాల్లో మన హైకోర్టు సవరణలు ఒక్కోసారి ఉండవు. తెలంగాణకి వర్తించే సవరణలతో, అక్షరాలు పెద్దవిగా, కుట్టు బైండింగ్‌తో వచ్చింది ఎవరికైనా కనబడితే చెప్పండి. మొదటి పేజీలో పేరు రాయకుండా వారం రోజులు వాడి చూసి, మళ్లీ ఇక్కడే రాస్తాను.